మేడ మీద గదికి వైఫై అందడం లేదు, వైరు లాగి రెండో యాక్సెస్ పాయింట్ పెట్టాలా? (గుంటూరు, బ్రాడీపేట)

మేడమీదగది (గుంటూరు) – శుక్రవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మాది బ్రాడీపేట. నాన్నగారు కట్టించిన పాత ఇల్లు. కింద మూడు గదులు, పైన రెండు. అన్నీ తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. ఫైబర్ వీధి వైపు ముందుగదిలోకి వచ్చింది, ఓఎన్‌టీ బాక్సు (ఫైబర్ వచ్చి కలిసే, వైఫై ఇచ్చే డబ్బా) అక్కడే కిటికీ పక్కన గోడకి బిగించి వెళ్లారు. నేను పనిచేసుకునేది మేడ మీద వెనక గదిలో. ఒకటి ఇంటికి ఈ కొస, ఇంకోటి ఆ కొస, మధ్యలో శ్లాబు.

ప్లాన్ 200 ఎంబీపీఎస్. ఓఎన్‌టీ పక్కన నిలబడి ఫోన్‌లో చూస్తే 190 దాకా వస్తుంది. వంటింట్లో 70. మెట్ల మీద 40. నా గదిలో 5 గిగాహెర్ట్జ్ (స్పీడ్ ఎక్కువ, దూరం తక్కువ వెళ్లే వైఫై) పేరు అసలు కనిపించదు, ఎక్కువ దూరం వెళ్లే 2.4 మీద 6, 7 వస్తుంది. సాయంత్రం 6:30 నుంచి నాకు కాల్స్ ఉంటాయి. మాట్లాడుతుండగా గొంతు ముక్కలు ముక్కలవుతుంది. రోజూ ఇదే టెన్షన్.

ఎవరో చెప్తే రిపీటర్ (వైఫై అందుకుని మళ్లీ పంపే చిన్న డబ్బా) కొని మెట్ల దగ్గర ప్లగ్గులో పెట్టాను. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపిస్తున్నాయి, స్పీడ్ మాత్రం 15 దాటదు. కాల్ అయితే ముందుకన్నా ఘోరం.

ఇంట్లో పాత రౌటర్ ఒకటి పడుంది, మంచిదే. దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరుతో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే డబ్బాగా, పైన పెట్టి కింద నుంచి ల్యాన్ కేబుల్ లాగితే సరిపోతుందా? లేక మెష్ సెట్ (కలిసి ఒకే వైఫై ఇచ్చే రెండు మూడు డబ్బాలు) కొనాలా? గోడలు పగలగొట్టడం అమ్మకి ఇష్టం లేదు. కొంచెం వివరంగా చెప్పగలరు.


కృష్ణలంక నెట్‌వర్క్ (విజయవాడ) – శుక్రవారం, రాత్రి 11:48

అన్నా, మీ సమస్య నూటికి నూరుపాళ్లు వైరుతో తీరేదే. విజయవాడలో నేను చేసే పనే ఇది, ఇళ్లకీ హాస్టళ్లకీ.

ముందు రిపీటర్ సంగతి. గీతలు నిండుగా చూపిస్తున్నది మీ ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య ఉన్న సిగ్నల్. రిపీటర్‌కి కింద నుంచి ఎంత అందుతోందో ఆ గీతలు చెప్పవు. మెట్ల దగ్గరికి వచ్చేదే 40. చవకరకం రిపీటర్‌లో రేడియో ఒకటే ఉంటుంది, కింద నుంచి విన్నది అదే ఛానెల్ మీద మళ్లీ పైకి చెప్పాలి. ప్రతి మాటా గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది కాబట్టి ఉన్నదాంట్లో సగం అక్కడే పోతుంది. మిగిలిన సగంలో పక్కింటి వైఫైల గోల. మీకు 15 రావడంలో వింతేం లేదు.

కాల్స్ చెడిపోవడానికి కారణం స్పీడ్ కాదు, ఆలస్యం. వీడియో కాల్‌కి నిజానికి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. అది ఆగకుండా, ఒకే తీరుగా రావాలి. వైరు చేసేది అదే.

పాత రౌటర్ మోడల్ ఏది? వెనక పోర్టులు గిగాబిటా (1000 ఎంబీపీఎస్), 100 వా?


లక్ష్మీపురం టీచర్ (గుంటూరు) – శనివారం, ఉదయం 6:55

మాదీ ఇలాంటి ఇల్లే అండి, లక్ష్మీపురంలో. నేను పిల్లలకి ఆన్‌లైన్ ట్యూషన్ చెప్తాను. రిపీటర్‌తో ఏడాది అవస్థపడ్డాను. లెక్క సగం చెప్పేసరికి బోర్డు ఆగిపోయేది, పిల్లలు "టీచర్, వినపడట్లేదు" అని మెసేజ్‌లు పెట్టేవాళ్లు. పోయిన వేసవిలో వైరు లాగించాం. ఆ తర్వాత ఒక్క క్లాసు కూడా మధ్యలో ఆగలేదు. గోడలు పగలగొట్టాల్సిన పని లేదు, మాకు కేసింగ్ పట్టీ కొట్టి అందులోంచి తీసుకెళ్లారు. రంగు వేస్తే కనపడదు కూడా.


భవానీపురం ఫ్లాట్ (విజయవాడ) – శనివారం, ఉదయం 8:10

నేను మెష్ సెట్ వాడుతున్నాను, రెండు డబ్బాలు. మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో బ్రహ్మాండంగా ఉంది. వైర్లు, డ్రిల్లింగ్, దుమ్ము ఇవేమీ లేవు. పది నిమిషాల్లో యాప్‌లో పని అయిపోయింది. ఈ రోజుల్లో కేబుల్ లాగడం అవసరమా?


కృష్ణలంక నెట్‌వర్క్ – శనివారం, ఉదయం 8:31

ఫ్లాట్‌లో బాగుంటుంది, కాదనను. ఒకే అంతస్తు, లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలవి, తలుపులు తీసే ఉంటాయి. వీరిది రెండంతస్తుల పాత ఇల్లు. మెష్ డబ్బాలు రెండూ గాలిలోనే మాట్లాడుకోవాలంటే ఆ శ్లాబు దాటాల్సిందే. శ్లాబులో అడ్డంగా నిలువుగా ఇనుప ఊచల జల్లెడ ఉంటుంది, పైన కాంక్రీటు. 5 గిగాహెర్ట్జ్ దానికి ఆగిపోతుంది. అదే మెష్ సెట్‌కి మధ్యలో వైరు కలిపితే అప్పుడు భేషుగ్గా పనిచేస్తుంది. అంటే ఏ డబ్బా కొన్నా చివరికి వైరు దగ్గరికే వస్తాం. వైరు పడ్డాక పాత రౌటర్ కూడా చాలు.


పాత లైన్‌మన్ (తెనాలి) – శనివారం, ఉదయం 9:15

బాబూ, నేను టెలిఫోన్ లైన్ల పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. ఒక్క మాట అడుగుతాను. మీ ఇంట్లో ఒకప్పుడు ల్యాండ్‌లైన్ ఉండేదా? పైన గదికి ఎక్స్‌టెన్షన్ పెట్టించుకున్నారా?

ఆ కాలంలో ఇల్లు కట్టేటప్పుడే టెలిఫోన్‌కని విడిగా ఒక పైపు వేయించేవారు. కరెంటు పైపులో కలపనిచ్చేవాళ్లం కాదు. ముందుగదిలో నేలకి అడుగు ఎత్తులో చిన్న చదరపు ప్లేటు ఉందేమో చూడండి. దాని వెనక పైపు ఉంటే మీకు గోడ పగలగొట్టే పనే లేదు. ల్యాండ్‌లైన్ తీసేసినా పాత వైరు అందులోనే ఉంటుంది. దాన్ని మాత్రం తొందరపడి లాగి పారేయకండి. దానికే కొత్త కేబుల్ కట్టి లాగాలి.


మేడమీదగది – శనివారం, మధ్యాహ్నం 1:05

లైన్‌మన్ గారూ, మీ మాట చదివి లేచి వెళ్లి చూశాను. ముందుగదిలో సోఫా వెనక, రంగు కింద కప్పబడిపోయి, చిన్న ప్లేటు ఉంది! చాకుతో గీకి స్క్రూలు తీశాను. లోపల పైపు, అందులో బూడిదరంగు టెలిఫోన్ వైరు. పైన నా గదిలో కిటికీ పక్కన ఇంకో ప్లేటు. నాన్న ఆఫీసు కాగితాలు చూసుకునే బల్ల అక్కడే ఉండేది, ఎక్స్‌టెన్షన్ ఫోన్ దాని మీద పెట్టుకునేవారు. నేను మర్చేపోయాను, అమ్మ గుర్తుచేసింది.

పైన వైరు పట్టుకుని లాగితే కింద కొస కదులుతోంది. అంటే పైపు మూసుకుపోలేదు కదా?

రౌటర్ పోర్టులు గిగాబిట్టే, కింద స్టిక్కర్ మీద ఉంది.


పాత లైన్‌మన్ – శనివారం, మధ్యాహ్నం 2:40

కదిలిందంటే దారి ఉన్నట్టే. మంచి మాట చెప్పారు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ముందు పురికొసతో కొలుచుకోండి, పైపు ఏ దారిలో వెళ్తుందో అంచనా వేసుకుని. రెండు కొసల దగ్గరా తలో రెండు మీటర్లు అదనంగా పెట్టుకోండి. కేబుల్ ఒకసారి తక్కువైతే మళ్లీ అతుకు వేయకూడదు.

కట్టే పద్ధతి ఇది. కొత్త కేబుల్ పై తొడుగు ఒక జానెడు తీసేయండి. లోపల నాలుగు జంటలుంటాయి. రెండు జంటలు కత్తిరించేయండి, మిగిలిన రెండింటినీ పాత వైరు కొసతో మెలిపెట్టి ముడివేయండి. ముడి ఒకే చోట ఉబ్బుగా ఉంటే వంపులో పట్టేస్తుంది. అందుకని ఇన్సులేషన్ టేపుని పెన్సిల్ మొనలాగా సన్నం నుంచి లావుకి నున్నగా చుట్టండి. మీద కాస్త టాల్కం పౌడర్ పూయండి.

లాగడానికి ఇద్దరుండాలి. ఒకరు లాగుతుంటే అవతలివాళ్లు కేబుల్ మెలిక పడకుండా చేత్తో లోపలికి తోస్తుండాలి. ఎక్కడైనా ఆగితే బలం పెట్టొద్దు. ఒక జానెడు వెనక్కి తీసి మళ్లీ లాగండి. ఈ కేబుల్‌ని పది పదకొండు కిలోల బరువుకి మించి లాగితే లోపలి మెలికలు సాగిపోతాయి. పైకి బాగానే కనిపిస్తుంది, స్పీడ్ మాత్రం రాదు.


ఎర్రమిర్చి (గుంటూరు) – శనివారం, సాయంత్రం 5:20

ఫాలో అవుతున్నాను. మిర్చి యార్డు దగ్గర మా కొట్టుకీ వెనక గోడౌన్‌కీ ఇదే సమస్య. కేబుల్ ఏది కొనాలో కూడా ఎవరైనా చెప్పండి. షాపులో ఒక్కో రేటు చెప్తున్నారు, తేడా ఏంటో అర్థం కావట్లేదు.


కృష్ణలంక నెట్‌వర్క్ – శనివారం, సాయంత్రం 6:02

కేబుల్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

క్యాట్ 5ఈ (ల్యాన్ కేబుల్‌లో ఒక రకం) అయినా గిగాబిట్ వస్తుంది, వంద మీటర్ల దాకా. క్యాట్ 6 అయితే ఇంకా మంచిది, రేటులో పెద్ద తేడా లేదు. అసలు చూడాల్సింది లోపలి లోహం. రెండు రకాలు అమ్ముతారు. ఒకటి పూర్తి రాగి. రెండోది సీసీఏ, అంటే అల్యూమినియం తీగకి పైన రాగి పూత. పెట్టె మీద పెద్ద అక్షరాలతో క్యాట్ 6 అనే ఉంటుంది, సీసీఏ అని మూలన చిన్నగా ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

షాపులోనే ఒక ముక్క అడిగి తీసుకోండి. ఒక తీగ తొడుగు తీసి చాకు మొనతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది, సీసీఏ అయితే కింద తెల్లగా మెరుస్తుంది. ఇంకో గుర్తు, నాలుగైదుసార్లు అటూఇటూ వంచితే అల్యూమినియం పుటుక్కున విరుగుతుంది. జాక్ బిగించేటప్పుడు కూడా అలాగే విరుగుతుంది, ఆర్నెల్ల తర్వాత ఒక వేసవి పూట ఉన్నట్టుండి లింకు పోతుంది. కేబుల్ గుండానే కరెంటు పంపే పీఓఈ పరికరం పెట్టేవాళ్లయితే సీసీఏ జోలికే వెళ్లొద్దు, నిరోధం ఎక్కువ కాబట్టి వేడెక్కుతుంది.

మిర్చి అన్నా, మీ కొట్టూ గోడౌనూ ఒకే కప్పు కిందా, విడి కట్టడాలా? విడివైతే, మధ్యలో ఆరుబయట రాగి కేబుల్ వేయొద్దు. పిడుగులకి రెండువైపులా పరికరాలు కాలిపోయినవి చూశాను. అక్కడ ఫైబర్ ముక్క వేసి, రెండు కొసలకీ కన్వర్టర్లు (ఫైబర్‌ని ల్యాన్ కేబుల్‌కి కలిపే డబ్బాలు) పెట్టుకోవాలి. ఫైబర్‌లో కరెంటు పారదు.


ఎర్రమిర్చి – శనివారం, సాయంత్రం 6:30

విడి కట్టడాలే తమ్ముడూ, మధ్యలో లారీ తిరిగే జాగా. మంచి మాట చెప్పావు, నల్ల కేబుల్ ఒకటి ఇవాళే కొనబోయాను. ఆగాను.


సింగ్‌నగర్ వాసి (విజయవాడ) – శనివారం, రాత్రి 8:45

పై మాటలన్నీ బాగున్నాయి. నాది వేరే సంగతి, చెప్పకపోతే మనసొప్పదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు మా సింగ్‌నగర్‌లో ఇళ్లలోకి వచ్చేశాయి. మా ఓఎన్‌టీ, రౌటర్, చిన్న స్విచ్ అన్నీ ముందుగదిలో టీవీ బల్ల మీద ఉండేవి. అన్నీ మునిగిపోయాయి. పైన గదిలో మా నాన్న, పిల్లలు. ఎవరికీ ఎక్కడున్నామో చెప్పుకునే దారి లేక, ఫోన్‌లో చార్జింగ్ అయిపోతుంటే ఎలా గడిపామో ఇప్పుడు తలుచుకున్నా గుండె దడ.

తర్వాత కనెక్షన్ మళ్లీ తీసుకున్నప్పుడు ఫైబర్‌ని తిన్నగా పై అంతస్తుకే పెట్టించాను. ఓఎన్‌టీ పైన, కిందికి వైరు, కింద యాక్సెస్ పాయింట్ తల ఎత్తు కన్నా పైన గోడకి. మీరు చేస్తున్నదానికి తిరగేసి అన్నమాట. పల్లపు వీధుల్లో ఉన్నవాళ్లు ఇలా ఆలోచించండి. ఫైబర్ మార్చమంటే చాలామంది సాంకేతిక కుర్రాళ్లు చేసిపెడతారు, బయట చుట్టలో అదనంగా తీగ ఉంటే గంట పని.


లక్ష్మీపురం టీచర్ – శనివారం, రాత్రి 9:05

సింగ్‌నగర్ అన్నయ్యా, మీరు రాసింది చదివి మనసు బరువెక్కింది. పిల్లలు ఇప్పుడు ధైర్యంగా ఉన్నారా?


సింగ్‌నగర్ వాసి – శనివారం, రాత్రి 9:20

ఉన్నారమ్మా. వాన గట్టిగా కొడితే చిన్నవాడు ఇంకా కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూస్తాడు. మిగతా అంతా బాగే.


మేడమీదగది – ఆదివారం, మధ్యాహ్నం 12:30

కేబుల్ లోపలికి వెళ్లింది!

పురికొసతో కొలిస్తే 19 మీటర్లు వచ్చింది. 25 మీటర్ల పూర్తి రాగి క్యాట్ 6 కొన్నాను. షాపాయన ముందే ముక్క గీకి చూపించాడు, నేను అడగకముందే. మా బావమరిది పైన, నేను కింద. సగం దాకా హాయిగా వచ్చింది. తర్వాత ఒకచోట ఆగిపోయింది, బహుశా శ్లాబులోంచి గోడలోకి తిరిగే వంపు. బలం పెట్టొద్దన్నారు కదా అని వెనక్కి తీశాం, లాగాం, మళ్లీ తీశాం. ఐదారుసార్లు. పైనుంచి మా వాడు కేబుల్‌ని కొంచెం తిప్పుతూ తోశాడు. ఒక్కసారిగా వదులై సర్రున జారింది. ప్లేటులోంచి తెల్ల పౌడర్‌తో కలిసి నీలం కేబుల్ కొస బయటికొచ్చింది. అమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. బయటికొచ్చిన పాత టెలిఫోన్ వైరు చుట్టచుట్టి దాచిపెట్టమంది.

ఇప్పుడు జాకులు బిగించాలి. క్రింపింగ్ పనిముట్టు (జాక్‌ని నొక్కి బిగించేది) మా బావమరిది స్నేహితుడి దగ్గర ఉంది.


కృష్ణలంక నెట్‌వర్క్ – ఆదివారం, మధ్యాహ్నం 12:52

సూపర్ అన్నా! జాక్‌ని గొళ్లెం కిందివైపు ఉండేలా, వైర్లు మీ వైపు నుంచి లోపలికి వెళ్లేలా పట్టుకోండి. ఎడమ నుంచి వరుస: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-పచ్చ, నీలం, తెల్ల-నీలం, పచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. రెండు కొసలా ఇదే వరుస. పచ్చజంట మధ్యలో నీలం జంట దూరుతుంది, కొత్తవాళ్లు తప్పుచేసేది అక్కడే. మెలికలు అర అంగుళం కన్నా ఎక్కువ విప్పొద్దు. ఎనిమిది తీగలూ జాక్ ముందు గోడకి తగిలాయో లేదో వెలుతురులో చూసుకుని అప్పుడు నొక్కండి. బయటి తొడుగు కూడా జాక్ లోపలికి వెళ్లాలి, లేకపోతే లాగినప్పుడు బరువంతా సన్న తీగల మీద పడుతుంది.

తర్వాత పాత రౌటర్ సెట్టింగ్. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకుంటే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. లేకపోతే చేత్తో చేయాలి:

రౌటర్‌ని ఇంకా కింద లైనుకి కలపకుండా, ల్యాప్‌టాప్‌కి వైరుతో కలపండి. ముందు దాని ల్యాన్ ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని నంబరు) మార్చండి. మీ ఓఎన్‌టీ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. ఓఎన్‌టీ ఫోన్లకి పంచే నంబర్లు ఎక్కడ మొదలవుతాయో చూసి, ఈ 2 అందులో లేకుండా చూసుకోండి. ఆ తర్వాత డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకి నంబర్లు పంచే పని, ఆపేయండి. చివర్లో కింద నుంచి వచ్చిన కేబుల్‌ని రౌటర్ ల్యాన్ పోర్టులో పెట్టండి. విడిగా రంగు వేసి ఉండే వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉండేది) కాదు.

వ్యాన్‌లో పెడితే, నెట్ వచ్చినా పైన వేరే ఇల్లు, కింద వేరే ఇల్లు అయినట్టు ఉంటుంది. పైన ఫోన్ నుంచి కింది టీవీకి పంపడం కుదరదు, ప్రింటర్ దొరకదు.


మేడమీదగది – ఆదివారం, రాత్రి 7:40

సాయం కావాలి. అర్జెంటు.

పైన పెట్టాను. నా గదిలో 93, 94 వస్తోంది. 7 నుంచి 94 కి! సంతోషంతో కిందికి దిగేసరికి మా ఆవిడ ఫోన్‌లో వైఫై ఉంది, నెట్ లేదు. టీవీలోనూ లేదు. అమ్మ ఫోన్ మాత్రం పనిచేస్తోంది. రౌటర్ ఆపితే అన్నీ బాగుపడుతున్నాయి. మళ్లీ వేస్తే గంటకో ఫోన్ ఆగిపోతోంది. కింద ఓఎన్‌టీని నేను ముట్టుకోలేదు కదా, కింది ఫోన్లు ఎందుకు పాడవుతున్నాయి?


పాత లైన్‌మన్ – ఆదివారం, రాత్రి 7:52

కంగారు పడకండి. పాడైందేమీ లేదు. నెట్ లేని ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే (నెట్‌కి బయటి దారి చూపే డబ్బా) నంబర్ ఎంత ఉందో చెప్పండి.


మేడమీదగది – ఆదివారం, రాత్రి 7:58

మా ఆవిడ ఫోన్‌లో 192.168.1.2. అమ్మ ఫోన్‌లో 192.168.1.1.


పాత లైన్‌మన్ – ఆదివారం, రాత్రి 8:10

దొరికింది. మీ పైన రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఇంకా ఆగలేదు.

ఫోన్ వైఫైకి తగలగానే "నాకో నంబరు ఇవ్వండి, బయటికి దారి చెప్పండి" అని ఇల్లంతా వినపడేలా అడుగుతుంది. ఆ కేక మీరు వేసిన కొత్త కేబుల్ గుండా పైకి కూడా వెళ్తుంది. ఇప్పుడు జవాబు చెప్పేవాళ్లు ఇద్దరున్నారు. కింద ఓఎన్‌టీ ముందు పలికితే దారి సరైనదే. పైన రౌటర్ ముందు పలికితే "దారి నేనే" అంటుంది, దాని వెనక ఇంటర్నెట్ లేదు. అందుకే ఒక ఫోన్ బాగుంది, ఒకటి లేదు. నంబరు గడువు తీరి మళ్లీ అడిగినప్పుడల్లా ఇంకో ఫోన్ చిక్కుకుంటోంది.

192.168.1.2 తెరిచి డీహెచ్‌సీపీ పేజీ చూడండి. మార్పు సేవ్ అయిందో లేదో చూసి, ఆపేసి, రౌటర్ రీబూట్ చేయండి. తర్వాత ఇంట్లో అన్ని ఫోన్లలో వైఫై ఒకసారి ఆపి వేయండి.


మేడమీదగది – ఆదివారం, రాత్రి 8:34

అదే! ఐపీ మార్చాక రౌటర్ దానంతటదే రీస్టార్ట్ అయింది. డీహెచ్‌సీపీ ఆపినప్పుడు మాత్రం సేవ్ నొక్కకుండానే పేజీ మూసేశాను. ఇప్పుడు ఆపి, సేవ్ చేసి, రీబూట్ చేశాను. పావుగంటగా అన్నీ బాగున్నాయి. మా ఆవిడ ఫోన్‌లో గేట్‌వే 1.1 చూపిస్తోంది. లైన్‌మన్ గారూ, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.


కృష్ణలంక నెట్‌వర్క్ – ఆదివారం, రాత్రి 9:01

అన్నా, ఇంకోటి ఉంది. 94 అంటున్నారు. ఆ నంబరు చూస్తే నాకు ఆగట్లేదు. సరిగ్గా 93, 94 దగ్గర ఆగిందంటే లింకు 100 మీద నడుస్తోందని అర్థం. పోర్టు గిగాబిట్ అన్నారు, కేబుల్ క్యాట్ 6. అయితే ఒక జంట తగలట్లేదు. వంద స్పీడ్‌కి 1, 2, 3, 6 తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఓఎన్‌టీ పోర్టు కూడా చూడండి, కొన్నిటికి ఒక్క పోర్టే గిగాబిట్ ఉంటుంది. కేబుల్ టెస్టర్ (ఏ తీగ తగులుతోందో లైట్లతో చూపేది) ఉంటే పెట్టి చూడండి.


భవానీపురం ఫ్లాట్ – ఆదివారం, రాత్రి 9:15

94 చాలదా? కాల్స్‌కి ఎక్కువే కదా.


కృష్ణలంక నెట్‌వర్క్ – ఆదివారం, రాత్రి 9:22

వాడకానికి చాలు. కానీ తీగ తగలకపోవడం అంటే జాక్ బిగింపు సరిగా లేనట్టు. ఇవాళ ఒకటి, రేపు ఇంకోటి వదులవుతుంది. కాల్ మధ్యలో పోతే అప్పుడు వెతుక్కోవాలి.


మేడమీదగది – సోమవారం, ఉదయం 10:15

టెస్టర్ తెచ్చాను. లైట్లు వరసగా 1, 2, 3, 4, 5, 6 వెలిగాయి. 7 దగ్గర చీకటి. తర్వాత 8 వెలిగింది. మళ్లీ మళ్లీ చూశాను, ప్రతిసారీ 7 దగ్గర గతుకు.

కింది జాక్‌ని వెలుతురుకి ఎత్తి చూస్తే తెల్ల-గోధుమ తీగ మిగతావాటికన్నా నువ్వుగింజంత వెనక ఉంది. ముందు గోడని తాకలేదు. పిన్ను దాని మీద పడలేదు. ఆ జాక్ కత్తిరించి, ఎనిమిది తీగలూ వేళ్ల మధ్య గట్టిగా నొక్కి సాఫుగా చేసి, కొసలు ఒకే వరుసలో అడ్డంగా కత్తిరించి మళ్లీ బిగించాను. లైన్‌మన్ గారు చెప్పిన అదనపు రెండు మీటర్లు ఇక్కడ ఆదుకున్నాయి.

ఎనిమిది లైట్లూ వెలిగాయి. పైన గదిలో ఫోన్‌లో 188.


లక్ష్మీపురం టీచర్ – సోమవారం, మధ్యాహ్నం 3:30

ఎంత సంతోషమో! ఒక చిన్న మాట. మా ఇంట్లో పైనుంచి కిందికి దిగినా ఫోన్ పై వైఫైనే పట్టుకుని వేలాడేది. మీకు అలా ఉందా?


మేడమీదగది – సోమవారం, సాయంత్రం 4:10

ఉందండి. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాను. వంటింటికి వచ్చినా పై సిగ్నల్ ఒక గీత మీదే ఉంటోంది.


కృష్ణలంక నెట్‌వర్క్ – సోమవారం, సాయంత్రం 5:05

ఎప్పుడు మారాలో నిర్ణయించేది రౌటర్ కాదు, ఫోనే. సిగ్నల్ బాగా నీరసించేదాకా అది వదలదు. రెండింటి పవర్ తగ్గించి చూడండి, ముఖ్యంగా 2.4. మెనూలో హై, మీడియం, లో అని ఉంటుంది, మీడియం పెట్టండి. పవర్ ఎక్కువుంటే మంచిదనుకుంటాం కానీ, రౌటర్ గట్టిగా అరిచినంత మాత్రాన ఫోన్ గొంతు పెరగదు, దాని జవాబు రౌటర్‌కి వినపడాలి కదా.

ఛానెల్స్ కూడా వేరు చేయండి. 2.4 లో కింద 1, పైన 6 లేదా 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఈ మూడు ఒకదాని మీద ఒకటి పడవు. 5 లో కింద 36, పైన 149. పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ రెండు చోట్లా అచ్చు ఒకేలా ఉండాలి.

ఇంకోటి, మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌కి వైఫై ఎందుకు? పైన రౌటర్‌లో ఇంకా మూడు ల్యాన్ పోర్టులు ఖాళీ. మీటరున్నర కేబుల్‌తో తిన్నగా కలిపేయండి. అయితే రౌటర్ నుంచి ఓఎన్‌టీకి రెండో వైరు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. చుట్టు తిరిగి లూప్ అయి ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. ఒక హాస్టల్లో ఎవరో కుర్రాడు ఖాళీ కేబుల్ కనిపించిందని రెండో కొస కూడా స్విచ్‌లోనే గుచ్చితే, కారణం దొరకడానికి మాకు సగం రోజు పట్టింది.


సింగ్‌నగర్ వాసి – సోమవారం, రాత్రి 8:00

కరెంటు సంగతి చూశారా? ఓఎన్‌టీ ఒక్కదానికే చిన్న యూపీఎస్ పెట్టి ఊరుకోవద్దు, పైన రౌటర్‌కి కూడా ఉండాలి. కొనేముందు అడాప్టర్ మీద 12 వోల్టులా 9 వోల్టులా చూసుకోండి. మాకు ఇన్వర్టర్ ఉన్నా, మారే ఆ క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ లేచేది. రెండు నిమిషాలు కాల్ పోయేది.


మేడమీదగది – గురువారం, రాత్రి 11:50

అందరికీ. మూడు రోజులు వాడి రాస్తున్నాను.

పవర్ మీడియం, ఛానెల్స్ మీరు చెప్పినట్టే. మెట్లు దిగుతూ వీడియో కాల్ మాట్లాడితే ఒక సెకను ఆగి అందుకుంటోంది. ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టాను. సోమవారం నుంచి ఒక్క కాల్ కూడా తెగలేదు. నిన్న సాయంత్రం కరెంటు పోయింది, రెండు యూపీఎస్‌లూ నిలబడ్డాయి. అవతలివాళ్లకి మా ఇంట్లో చీకటైన సంగతే తెలియలేదు.

రిపీటర్ పెట్టెలో పెట్టేశాను.

ఇవాళ మధ్యాహ్నం అమ్మ మొదటిసారి పైకి వచ్చి, నాన్న బల్ల ఉండే చోట కుర్చీ వేసుకుని, హైదరాబాద్‌లో ఉన్న మా అక్కతో గంటసేపు వీడియోలో మాట్లాడింది. ప్లేటు దగ్గర కేబుల్ చూపించి, "మీ నాన్న ఫోన్ తీగ దారిలోనే వచ్చింది" అని అక్కకి చెప్పింది.

మిర్చి అన్నా, గోడౌన్ పని మొదలుపెడితే ఇక్కడే రాయండి. క్రింపింగ్ పనిముట్టు, టెస్టర్ నేను తెస్తాను.


ఎర్రమిర్చి – శుక్రవారం, ఉదయం 7:10

ఆదివారం యార్డు సెలవు. పదింటికి రండి తమ్ముడూ, టిఫిన్ మా ఇంట్లోనే. ఫైబర్, కన్వర్టర్లు కృష్ణలంక తమ్ముడు బస్సుకి వేసి పంపిస్తున్నాడు.